ఇంటర్‌ఫేస్ కౌంటర్లను ఎలా చదవాలి?

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు ఒక ఆదివారం ఉదయం జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. సెలవు రోజున, అదీ ఉదయం పూట, వైట్‌ఫీల్డ్ నుంచీ ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ ఇంత దూరం వచ్చారు. అందుచేత నేరుగా విషయంలోకి వెళ్తాను.

ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. రాత్రి రెండు గంటలకు ఫోను వస్తుంది. "సర్వరు చాలా నెమ్మదిగా ఉంది, నెట్‌వర్క్ సమస్య అనుకుంటున్నాము" అంటారు. అప్పుడు మీరు చేసే మొట్టమొదటి పని ఏమిటి? పింగ్ చేస్తారు, అంటే అవతలి యంత్రం పలుకుతున్నదా అని ప్యాకెట్ అనే చిన్న డేటా ముక్కను పంపి చూస్తారు, అవునా? పింగ్‌కు జవాబు వస్తుంది. తరువాత? మనలో చాలామంది కేబుల్ మార్పిస్తారు, లేకపోతే ఇంటర్‌ఫేస్‌ను ఆపి మళ్లీ పైకి తెస్తారు, అదీ కాకపోతే సర్వరునే రీబూట్ చేస్తారు. చెయ్యి ఎత్తమని అడగను, ఎందుకంటే నేనూ అనేక సంవత్సరాలు ఇదే చేశాను. ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. దేనినీ ముట్టుకోకముందే ఇంటర్‌ఫేస్ కౌంటర్లను, అంటే నెట్‌వర్క్ కార్డు ఎన్ని ప్యాకెట్లు అందుకున్నది, ఎన్ని పంపింది, ఎన్ని పాడయ్యాయి అన్న లెక్కలను చదవండి. ఒకసారి కాదు, రెండుసార్లు చదవండి. ఒక కొసన కాదు, రెండు కొసలా చదవండి. రీబూట్ చేసిన మరుక్షణం ఆ కౌంటర్లన్నీ సున్నాకు వెళ్లిపోతాయి. ఏ తప్పు ఎన్నిసార్లు జరిగిందో చెప్పే సాక్ష్యాన్ని మన చేతులతో మనమే తుడిచివేస్తాము.

ఇక పనిముట్ల సంగతి. పాతవారికి ఇంటర్‌ఫేస్‌ల వివరాలు చూపే ఐఫ్‌కాన్ఫిగ్ తెలుసు. అది 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌తో వచ్చింది. లినక్స్‌లో నెట్-టూల్స్ అనే ప్యాకేజీలో భాగంగా చాలాకాలం మనతో ఉన్నది, ఇప్పుడు అనేక డిస్ట్రిబ్యూషన్లలో దానంతట అది ఇన్‌స్టాల్ కావడం లేదు. దాని స్థానంలో ఐపీ అనే కమాండు వచ్చింది. ఐపీ, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, లింక్ అని కొడితే ప్రతి ఇంటర్‌ఫేస్‌కు వచ్చినవి ఎన్ని, పంపినవి ఎన్ని, ఎర్రర్లు ఎన్ని, డ్రాపులు ఎన్ని అన్నది రెండు వరుసలలో కనిపిస్తుంది. మైనస్ ఎస్‌ను రెండుసార్లు రాస్తే ఆ ఎర్రర్లు ఏ రకమైనవో కూడా విడివిడిగా వస్తుంది. ఈ రెండవ రూపాన్ని వాడేవారు చాలా తక్కువ. దయచేసి వాడండి.

ఈ సంఖ్యలను ఉంచుకునేది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. స్లాష్ ప్రోక్, స్లాష్ నెట్, స్లాష్ డెవ్ అనే ఫైలును తెరిస్తే స్వీకరణకు 8, ప్రసారానికి 8, మొత్తం 16 నిలువు వరుసలు ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, జాగ్రత్తగా వినండి. ఈ ఫైలులో స్వీకరణ వైపు కనిపించే డ్రాప్ అనే అంకె నిజానికి రెండు కౌంటర్ల మొత్తం: కెర్నెల్ వదిలివేసినవి, కార్డు తన దగ్గర చోటు లేక అందుకోలేకపోయినవి. ఐపీ కమాండు ఈ రెండింటినీ డ్రాప్డ్, మిస్డ్ అని వేరువేరుగా చూపిస్తుంది. ఒకే యంత్రంలో, ఒకే క్షణంలో, రెండు చోట్ల రెండు రకాల అంకెలు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. రెండూ నిజమే, కలిపిన తీరు వేరు. ఫ్రేమ్ అనే వరుస కూడా అంతే, నాలుగు రకాల తప్పుల మొత్తం అది.

ఇప్పుడు అసలు విషయం. కౌంటరును ఎలా చదవాలి? ఇంటికి కరెంటు మీటరు చూసే మనిషి వస్తాడు కదా. మీటరులో 48,210 అని ఉంటే ఆయన 48,210 యూనిట్లకు బిల్లు వేస్తాడా? వేయడు. పోయిన నెల ఎంత ఉన్నదో చూసి, తీసివేసి, మిగిలినదానికి వేస్తాడు. మన కౌంటరు కూడా మీటరే. నాలుగు వందల రోజులుగా ఆగకుండా నడుస్తున్న సర్వరులో 12,000 సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో పాడై వచ్చిన ప్యాకెట్లు, కనిపించాయనుకోండి. అది జబ్బా? కాకపోవచ్చు. అవన్నీ మొదటి రోజున, ర్యాకులో కేబుళ్లు సర్దుతున్నప్పుడు అరగంటలో వచ్చినవి కావచ్చు. అదే సర్వరులో కౌంటరు 40 మాత్రమే ఉండి, పది సెకన్ల తరువాత 52 అయిందనుకోండి. ఇది జబ్బు. పెద్ద అంకెను చూసి భయపడకండి, చిన్న అంకెను చూసి నిశ్చింతగా ఉండకండి, పెరుగుతున్నదా లేదా అన్నది చూడండి.

లినక్స్‌లో చాలా కార్డుల కౌంటర్లను సున్నా చేసే వీలు లేదు. అందుకని తీసివేత మనమే చేసుకోవాలి. వాచ్ అనే కమాండుకు మైనస్ డీ ఇస్తే మారిన అంకెలను వేరు రంగులో చూపిస్తుంది, అది సులువైన దారి. ఐఫ్‌స్టాట్ అనేది క్రితంసారి చదివినదానిని గుర్తుపెట్టుకుని తేడాను మాత్రమే చూపిస్తుంది. నిన్న రాత్రి ఏమి జరిగిందో ఈ రోజు ఉదయం తెలుసుకోవాలంటే, ఈ అంకెలను ఎప్పటికప్పుడు రాసిపెట్టే సార్ అనే పనిముట్టు కావాలి. సార్, మైనస్ ఎన్, పెద్ద అక్షరాలలో ఈడెవ్ అంటే సెకనుకు ఎన్ని ఎర్రర్లు, ఎన్ని డ్రాపులు అన్నది వేళలవారీగా వస్తుంది. సాధారణంగా అది పది నిమిషాలకు ఒకసారి రాసుకుంటుంది. కనుక ఐదు సెకన్లు వచ్చి పోయిన ఉప్పెన అందులో సగటుగా మారి కనబడకుండా పోతుంది, ఇది గుర్తుంచుకోండి.

తీసివేత గురించి మరొక్క మాట. స్విచ్‌లను ఎస్ఎన్ఎంపీ ద్వారా, అంటే దూరం నుంచే పరికరాన్ని అడిగి తెలుసుకునే పద్ధతిలో, చదివేవారు ఇక్కడ ఉన్నారా? ఉన్నారు, సంతోషం. పాత బైట్ల కౌంటరు 32 బిట్లది. అది 429 కోట్ల చిల్లర దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గిగాబిట్ లింకు నిండుగా నడుస్తుంటే సెకనుకు 12.5 కోట్ల బైట్లు పోతాయి, అంటే 34 సెకన్లకే ఒక చుట్టు పూర్తి అవుతుంది. మీరు ఐదు నిమిషాలకు ఒకసారి చదువుతుంటే మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. గ్రాఫులో లింకు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, వాడేవారు మాత్రం నెమ్మదిగా ఉన్నదని మొత్తుకుంటూ ఉంటారు. 64 బిట్ల కౌంటర్లు ఉన్నవి దీనికోసమే, హెచ్‌సీ అనే అక్షరాలు పేరులో ఉన్నవాటినే తీసుకోండి.

ఇక ఎర్రరుకూ డ్రాపుకూ తేడా. మన పిల్లలు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నారు, అక్కడే దారి తప్పుతున్నారు. మాది చిత్తూరు జిల్లా. మా ఊళ్లో పాల కేంద్రం ఉండేది. తెల్లవారుజామున పాలు పట్టుకువెళ్తే ముందు పరీక్ష చేస్తారు. పాలు విరిగిపోయి ఉంటే తీసుకోరు. ఇది ఎర్రరు. పాలు దారిలోనే పాడైనవి, తప్పు దారిలో ఉన్నది. మరికొన్ని రోజులు పాలు బాగానే ఉంటాయి, కాని కేంద్రంలో క్యానులన్నీ నిండిపోయి ఉంటాయి, లారీ ఇంకా రాలేదు. "క్యాను లేదు, తీసుకువెళ్లండి" అంటారు. ఇది డ్రాపు. పాలలో తప్పు లేదు, దారిలో తప్పు లేదు, అందుకునే చోట ఖాళీ లేదు. విరిగిన పాలకు క్యానులు పెంచితే ఏమి లాభం? క్యానులు చాలనప్పుడు దారి బాగుచేస్తే ఏమి లాభం? మనం చేస్తున్నది మాత్రం సరిగ్గా అదే. డ్రాపులు కనిపించగానే కేబుల్ మారుస్తాము, సీఆర్‌సీ ఎర్రర్లు కనిపించగానే బఫరు పెంచుతాము.

ముందు విరిగిన పాల సంగతి చూద్దాము. తీగ మీద ప్యాకెట్‌ను మోసే ప్రతి ఈథర్నెట్ ఫ్రేము చివర 4 బైట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. పంపేవాడు లెక్కకట్టి పెడతాడు, అందుకునేవాడు మళ్లీ లెక్కకడతాడు, రెండూ కలవకపోతే ఫ్రేమును పారవేసి సీఆర్‌సీ ఎర్రరు అని ఒకటి కలుపుతాడు. గమనించండి, ఈ తప్పును ఎప్పుడూ అందుకునేవాడే చూస్తాడు. మీ సర్వరు పంపే ఫ్రేములు దారిలో పాడవుతుంటే మీ సర్వరులో ఒక్క ఎర్రరు కూడా కనిపించదు, అవి స్విచ్ పోర్టులో కనిపిస్తాయి. "మా వైపు అంతా శుభ్రంగా ఉంది" అని సర్వరు వాళ్లు అంటే అది సగం మాట మాత్రమే. రెండు కొసలా చదవమని నేను పట్టుబట్టేది ఇందుకే.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సంస్థ, పేరు అవసరం లేదు. ఒక డేటాబేస్ సర్వరులో సీఆర్‌సీ ఎర్రర్లు నిదానంగా పెరుగుతున్నాయి. కేబుల్ మార్చాము, పెరుగుతూనే ఉన్నాయి. స్విచ్‌లో పోర్టు మార్చాము, పెరుగుతూనే ఉన్నాయి. కార్డు కూడా మార్చాము. మూడు రోజులు పోయాయి. నాలుగో రోజున మాతో పనిచేసే ఒక అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, "సార్, పక్క సర్వరులో కూడా పెరుగుతున్నాయి, చూశారా?" అని అడిగింది. చూడలేదు. ఆ ర్యాకులో ఉన్న సర్వర్లన్నింటిలోనూ కొద్దికొద్దిగా పెరుగుతున్నాయి. ఫిర్యాదు వచ్చినది ఒక్కదాని మీద గనుక మేము ఆ ఒక్కదానినే పట్టుకుని కూర్చున్నాము.

ఎందుకలా జరిగింది? ఆ స్విచ్ కట్-త్రూ పద్ధతిలో నడిచేది. మామూలు స్విచ్ ఫ్రేమును పూర్తిగా అందుకుని, సరిచూసి, బాగుంటేనే ముందుకు పంపుతుంది. కట్-త్రూ స్విచ్ ఆలస్యం తగ్గించడానికి ఫ్రేము తల భాగం చూసి, చిరునామా తెలియగానే, మిగతాది వస్తుండగానే పంపడం మొదలుపెడుతుంది. తప్పు ఉన్నదని తెలిసేసరికి ఫ్రేము దాదాపు దాటిపోయి ఉంటుంది. ఎక్కడో పైన, రెండు స్విచ్‌ల మధ్య ఫైబరులో ఒక కనెక్టరు మీద దుమ్ము పట్టింది. పాలు అక్కడ విరిగాయి. మా సర్వరు దగ్గర పరీక్షలో బయటపడ్డాయి. తప్పు కనిపించిన చోటే తప్పు పుట్టిందని అనుకోవడం వల్ల మూడు రోజులు నష్టపోయాము. పై స్విచ్ నుంచి వచ్చే పోర్టు కౌంటరును మొదటి గంటలోనే చదివి ఉంటే పని అయిపోయేది. ఆ అమ్మాయి మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు.

"కొద్ది ఎర్రర్లే కదా, ఫర్వాలేదు" అంటారు కొందరు. ఫర్వా ఉన్నది. పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపే టీసీపీ వేగానికి 1997 నుంచి వాడుకలో ఉన్న ఒక సూత్రం ప్రకారం, రెనో అనే పాత వేగ నియంత్రణ పద్ధతిలో, రానుపోను సమయం 10 మిల్లీసెకన్లు ఉన్న దారిలో నూటికి ఒక్క ప్యాకెట్ పోతే ఒక కనెక్షన్‌కు దొరికే వేగం సుమారు 14 మెగాబిట్లు. లింకు గిగాబిట్‌ది. నూటికి ఒక్కటి పోయినందుకు తొంభై తొమ్మిది వంతుల వేగం దొరకదు, డెబ్బైయవ వంతు దొరుకుతుంది. ఇప్పటి పద్ధతులు దీనికంటే కొంత మెరుగు, అయినా దెబ్బ దెబ్బే. పింగ్‌లో ఇది తెలుస్తుందా? నాలుగు పింగ్‌లు పంపి నాలుగింటికీ జవాబు వచ్చిందని సంతోషిస్తే తెలియదు.

డ్యూప్లెక్స్ తేడా గురించి క్లుప్తంగా. రెండు కొసలూ ఒకేసారి మాట్లాడగలిగితే ఫుల్, వంతులవారీగా మాట్లాడితే హాఫ్. ఒక కొసన వేగాన్ని 100 మెగాబిట్లు, ఫుల్ అని బిగించి, రెండవ కొసన ఆటో అని వదిలేస్తే, ఆటో వైపు హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగిపోతుంది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు, అంటే ఆలస్యంగా ఢీకొన్న ఫ్రేములు, ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతాయి. ఈ జోడీ కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకండి. పాత పరికరాలు, ప్రింటర్లు, ఫ్యాక్టరీ యంత్రాలు ఉన్నచోట ఇది ఇప్పటికీ తగులుతుంది. అలాగే గిగాబిట్ లింకు ఉన్నట్టుండి 100కు పడిపోతే నాలుగు జతల తీగలలో ఒక జత తెగి ఉండవచ్చు, 100కు రెండు జతలే చాలు కనుక లింకు బతికే ఉంటుంది. లింకు పడి లేస్తున్నదా అన్న అనుమానం వస్తే, స్లాష్ సిస్ కింద ప్రతి ఇంటర్‌ఫేస్‌కు క్యారియర్ ఛేంజెస్ అనే ఫైలు ఉంటుంది, పడినవి, లేచినవి కలిపి ఎన్నిసార్లో అందులో ఒకే ఒక అంకెగా ఉంటుంది.

ఇప్పుడు క్యానులు చాలకపోవడం. కార్డుకూ కెర్నెల్‌కూ మధ్య రింగ్ బఫరు అనే ఖాళీ గదుల వలయం ఉంటుంది. కార్డు వచ్చిన ఫ్రేములను అందులో నింపుతూ పోతుంది, సీపీయూ వచ్చి తీసుకువెళ్తుంది. సీపీయూ రావడం ఆలస్యమైతే గదులు నిండి, కొత్త ఫ్రేములకు చోటు ఉండదు. మిస్డ్ అనే కౌంటరు పెరుగుతుంది. దీనిని లోతుగా చూడడానికే ఇథ్‌టూల్ ఉన్నది. ఇథ్‌టూల్, మైనస్ పెద్ద ఎస్, ఇంటర్‌ఫేస్ పేరు. వందలకొద్దీ కౌంటర్లు వస్తాయి, ఒక్కొక్క క్యూకు విడివిడిగా వస్తాయి. వాటి పేర్లు డ్రైవర్‌ను బట్టి మారుతాయి. ఒకే జబ్బుకు ఇంటెల్ కార్డు ఒక పేరు పెడుతుంది, మెల్లనాక్స్ కార్డు అవుట్ ఆఫ్ బఫర్ అంటుంది. అందుచేత సున్నా కానివాటిని మాత్రమే వడకట్టి, పది సెకన్ల తేడాతో రెండుసార్లు తీసి, రెండింటినీ పోల్చండి. పెరిగినవి నాలుగో ఐదో మిగులుతాయి. అప్పుడు డ్రైవర్ పత్రాలలో ఆ నాలుగు పేర్ల అర్థం చదవండి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి రాసుకోండి. ఇథ్‌టూల్‌లో పెద్ద ఎస్ గణాంకాలను చూపిస్తుంది, చిన్న ఎస్ వేగాన్ని, డ్యూప్లెక్స్‌ను మారుస్తుంది. జీ దగ్గరకు వచ్చేసరికి తలకిందులు: చిన్న జీ రింగు పరిమాణాన్ని చూపిస్తుంది, పెద్ద జీ మారుస్తుంది. పెద్ద జీ కొడితే చాలా డ్రైవర్లలో లింకు క్షణకాలం తెగి మళ్లీ వస్తుంది. పట్టపగలు, నడుస్తున్న సర్వరు మీద, అలవాటుగా వేలు షిఫ్ట్ మీద పడకుండా చూసుకోండి.

అన్ని డ్రాపులూ జబ్బు కాదు, ఇది కూడా చెప్పాలి. ఒక మిత్రుడు నాకు ఫోను చేసి, "డ్రాపులు ఆగడం లేదు, రింగు గరిష్ఠానికి పెంచాను, అయినా ఆగడం లేదు" అన్నారు. ఎంత చొప్పున పెరుగుతున్నాయని అడిగాను. నిమిషానికి 32 అన్నారు. ప్రతి నిమిషమూ 32, ఎక్కువా లేదు తక్కువా లేదు. ట్రాఫిక్ వల్ల వచ్చే డ్రాపు అంత క్రమశిక్షణగా ఉంటుందా? రాత్రి ట్రాఫిక్ లేనప్పుడూ 32, పగలు రద్దీలోనూ 32 ఎలా అవుతుంది? స్విచ్, ఫ్రేములు చుట్టూ తిరుగుతూ ఉండిపోకుండా చూసే స్పానింగ్ ట్రీ కోసం 2 సెకన్లకు ఒక ఫ్రేము పంపుతుంది, నిమిషానికి 30. పొరుగు పరికరాలకు తానెవరో చెప్పుకునే ఎల్ఎల్‌డీపీ 30 సెకన్లకు ఒకటి, నిమిషానికి 2. ఆ సర్వరులో వాటిని అందుకునే ప్రోగ్రాములు ఏవీ లేవు, కెర్నెల్ వాటిని పారవేసి డ్రాప్ కింద లెక్కవేస్తున్నది. 2.6.37 వెర్షన్ నుంచి కెర్నెల్ ఇలా, తనకు తెలియని ప్రోటోకాల్ ఫ్రేములను కూడా ఈ కౌంటరులో కలుపుతున్నది. వచ్చే ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ నడపమన్నాను. నడిపినంతసేపు డ్రాపులు ఆగిపోయాయి, ఆపగానే మళ్లీ మొదలయ్యాయి. ఎందుకంటే టీసీపీడంప్ ఆ ఫ్రేములను అందుకుంటున్నది కనుక కెర్నెల్ దృష్టిలో అవి దిక్కులేనివి కావు. ఆ సర్వరుకు ఏ చికిత్సా అవసరం లేకపోయింది. రింగు మాత్రం పాత పరిమాణానికి తెచ్చుకున్నారు.

కార్డు దాటి లోపలికి వచ్చిన తరువాత పోయేవి కూడా ఉంటాయి. సాఫ్ట్‌నెట్ స్టాట్ అనే ఫైలులో ఒక్కొక్క సీపీయూకు ఒక అడ్డ వరుస ఉంటుంది, అంకెలు హెక్సాలో, అంటే పదహారు ఆధారంగా ఉన్న లెక్కలో ఉంటాయి. రెండవ అంకె పారవేసినవి, మూడవది పని మిగిలి ఉండగానే సమయం చాలక ఆపినవి. ఒకే సీపీయూ వరుసలో ఇవి పెరుగుతూ మిగతావి ఖాళీగా ఉంటే, ట్రాఫిక్ అంతా ఒకే సీపీయూ మీద పడుతున్నదని అర్థం. అప్పుడు రింగు పెంచడం కంటే ఇంటరప్టులను, అంటే కార్డు సీపీయూను పిలిచే పిలుపులను, సీపీయూల మధ్య పంచడం మంచిది. ఇక ఇంటర్‌ఫేస్ కౌంటర్లు అన్నీ శుభ్రంగా ఉండి, పోయినవాటిని మళ్లీ పంపని యూడీపీ పద్ధతి వాడే ప్రోగ్రాము మాత్రం ప్యాకెట్లు రావడం లేదంటే, ఎన్‌స్టాట్ అనే కమాండులో యూడీపీ రిసీవ్ బఫర్ ఎర్రర్లు చూడండి. పాలు కేంద్రంలో తీసుకున్నారు, ఇంటికి తీసుకువెళ్లవలసినవాడు రాలేదు. దానికి ఇంటర్‌ఫేస్ ఏమి చేస్తుంది?

వెనుక వరుసలో ఒక మిత్రుడు అడుగుతున్నారు, క్లౌడ్‌లో కేబుల్ లేదు, స్విచ్ మన చేతిలో లేదు, అక్కడ ఈ కౌంటర్లతో ఏమి పని అని. మంచి ప్రశ్న. అక్కడ విరిగిన పాలు మనకు కనిపించవు, నిజమే. కాని క్యానుల లెక్క అక్కడ ఇంకా ముఖ్యం. చాలా అమెజాన్ ఇన్‌స్టెన్సులలో, అంటే అద్దెకు తీసుకునే యంత్రాలలో, ఈఎన్ఏ అనే నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఉంటుంది. అదే ఇథ్‌టూల్, అదే పెద్ద ఎస్. అలవెన్స్ ఎక్సీడెడ్ అనే మాటతో ముగిసే కౌంటర్లు వెతకండి. లోపలికి వచ్చే వేగానికి ఒకటి, బయటకు పోయే వేగానికి ఒకటి, సెకనుకు ప్యాకెట్ల సంఖ్యకు ఒకటి, నమోదయ్యే కనెక్షన్లకు ఒకటి ఉంటాయి. మీరు కొన్న పరిమాణానికి ఇచ్చిన హద్దును దాటినప్పుడు ఆగిపోయిన లేదా పోయిన ప్యాకెట్ల లెక్క అది. లింక్ లోకల్ అనేది మరొకటి ఉంటుంది, దానిని ప్రత్యేకంగా చూడండి: పేరు అడిగితే చిరునామా చెప్పే డీఎన్ఎస్ వంటి సేవలకు ఒక్కో ఇంటర్‌ఫేస్ నుంచి సెకనుకు 1024 ప్యాకెట్లే పంపనిస్తారు. అది పెరుగుతూ ఉంటే మీ ప్రోగ్రాము ప్రతి పనికీ పేరు అడుగుతూ ఉండవచ్చు. యంత్రం లోపలే డీఎన్ఎస్ జవాబులను దాచుకునే ఏర్పాటు చేసి, పది సెకన్ల తేడాతో ఆ కౌంటరును మళ్లీ చదవండి.